“వయసైపోయింది, ఇంగ చాలు” అన్నప్పుడు ఏం చేయాలి?

అనంతపురంలో ప్రభుత్వ ఉద్యోగి 62 ఏళ్ల దాకా పనిచేయొచ్చు. 2022లో రాష్ట్ర ప్రభుత్వమే ఆ వయసును 60 నుంచి 62కు పెంచింది. అదే ఊళ్లో బట్టల షోరూంలో నిలబడే సేల్స్‌మన్‌కు 45 దాటితే చాలు, “అన్నకు వయసైపాయ” అనే మాట మొదలవుతుంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే అక్కలకు ఇంకా ముందే, కళ్లద్దాలు వచ్చిన రోజు నుంచే. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పాత మేస్త్రీని ఒక సీజన్ తర్వాత మళ్లీ పిలవరు. ప్రైవేటు స్కూల్లో యాభై దాటిన టీచరమ్మకు “యంగ్ స్టాఫ్ కావాలి మేడమ్, ఏమనుకోవద్దు” అని చెబుతారు.

మొదటి చిక్కు ఇదే, ఇవన్నీ నోటిమాటలే. వయసు అనే మాట కాగితం మీద ఎవరూ రాయరు.

రెండో చిక్కు చట్టంలో ఉంది. అమెరికాలో 40 దాటిన ఉద్యోగులను వయసు వివక్ష నుంచి కాపాడే చట్టం 1967లోనే వచ్చింది. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగాలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల గురించి. అందులో కూడా మతం, కులం, లింగం, పుట్టినచోటు ఉన్నాయి గానీ వయసు లేదు. కాబట్టి “నన్ను వయసు చూసి తీసేశారు” అని ఒక్క ముక్క అర్జీ పెడితే లేబర్ ఆఫీసరుకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. “నాకు నోటీసు ఇవ్వలేదు. నా వెనక చేరినవాళ్లను ఉంచుకుని నన్ను తీశారు. గ్రాట్యుటీ ఇవ్వలేదు” అని పెడితే దొరుకుతుంది. మీకు జరిగిన అన్యాయాన్ని చట్టం గుర్తుపట్టే మాటల్లో చెప్పాలి. అది ఎలాగో కింద రాస్తున్నాను.

1. ముందు అది వివక్షేనా అని తేల్చుకోండి

వయసు పేరుతో వచ్చే ప్రతి మార్పూ వివక్ష కాదు. సిమెంటు బస్తాలు ఎత్తే మనిషికి 57 ఏళ్లొచ్చాయని, అదే జీతం మీద లోడింగ్ లెక్క రాసే పనికి మారిస్తే అది మంచితనమే. నియామక పత్రంలో 58కి రిటైర్మెంట్ అని రాసి, ఓనరు బావమరిదికి, మీకు ఒకేలా అమలు చేస్తే దాన్ని తప్పుపట్టడం కష్టం. పద్దెనిమిది నిండని పిల్లలను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదన్నది కూడా వయసు నిబంధనే. అది వాళ్లను కాపాడటానికి పెట్టింది.

మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మీరు చేసిన తప్పే పాతికేళ్ల అబ్బాయి చేసినప్పుడు వాళ్లు ఏమన్నారు? అతనికి “జాగ్రత్తగా చూసుకో” అని, మీకు “ఇంగ చేతకాదులే” అని అంటే అక్కడ మాట్లాడుతున్నది మీ పని గురించి కాదు.

ఇంకొన్ని గుర్తులున్నాయి. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వస్తే కుర్రవాళ్లకే నేర్పించి, మీకు రాదని ఫిర్యాదు రాయడం. ఏళ్ల తరబడి మీకే ఇంక్రిమెంట్ ఆపడం. ఇల్లు, పిల్లలు అనంతపురంలో ఉన్న మనిషిని ఉన్నట్టుండి బెంగళూరు బ్రాంచికి మార్చి, వెళ్లకపోతే మానేసినట్టే అనడం. అందరి ముందు “తాతా” అని పిలిచి నవ్వడం. ఒక్కటి జరిగితే పొరపాటు అనుకోవచ్చు. ఇవి వరసగా, అదీ మీ వయసువాళ్లకే జరుగుతుంటే తర్వాతి అడుగుకు వెళ్లండి.

చిన్నవాళ్లకూ ఇది జరుగుతుంది. “పిల్లోడివి, నీకింత చాల్లే” అని పూర్తి పని చేయించుకుని సగం జీతం ఇచ్చే చోట్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. పద్దెనిమిది నిండి, అప్రెంటిస్‌గా కాకుండా మామూలు పనిలో ఉన్నవారికి కనీస వేతనం పెద్దవాళ్లతో సమానమే. కింద చెప్పే నోటుబుక్కు, లేఖ, లేబర్ ఆఫీసు దారి వాళ్లకూ పనికొస్తాయి.

2. ఒక నోటుబుక్కు పెట్టండి

తేదీ, సమయం, ఎవరన్నారు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. ఇంతే రాయాలి. అన్నమాటను అన్నట్టే రాయండి. “అవమానించారు” అని రాస్తే రేపు ఎవరికీ ఏమీ అర్థం కాదు. “ఈ వయసులో నీకు టార్గెట్ ఏం వస్తుంది, ఇంటికాడ మనవళ్లను చూసుకో అన్నాడు” అని రాస్తే అర్థమవుతుంది. జరిగిన రోజే రాయండి. తర్వాత గుర్తు తెచ్చుకుని ఒకేసారి రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది.

వాట్సాప్ మెసేజ్‌లు, గ్రూపులో పెట్టిన షిఫ్టు పట్టికలు తీసేయకండి. స్క్రీన్‌షాట్ ఉంది కదా అని పాత ఫోను అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం చూపేటప్పుడు అది ఏ ఫోనులోంచి వచ్చిందో చెప్పాల్సి వస్తుంది.

జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు, హాజరు ఫోటోలు, దీపావళికి ఇచ్చిన బోనస్ కవరు మీద పేరున్నా సరే, అన్నీ ఇంట్లో ఒకచోట పెట్టండి. ఆఫీసు బల్లలో పెట్టొద్దు. మాన్పించిన రోజు ఆ బల్ల తాళం మీ దగ్గర ఉండదు. కంపెనీ రహస్య లెక్కలు మాత్రం ఇంటికి తేకండి. మిమ్మల్ని తీయడానికి అదే సాకు అవుతుంది.

నియామక పత్రమే ఇవ్వలేదంటారా? కొత్త కార్మిక చట్టాలు, అంటే కార్మిక కోడ్‌లు, దాన్ని తప్పనిసరి చేశాయి. నెమ్మదిగా ఉన్న రోజే అడిగి తీసుకోండి, గొడవ మొదలయ్యాక ఎవరూ ఇవ్వరు.

3. మొదట నోటితో, ఆ తర్వాత కాగితంతో

చిన్న ఊళ్లలో ఓనరు మనకు తెలిసినవాడే ఉంటాడు. పెళ్లిళ్లకు ఒకరింటికి ఒకరు పోతుంటాం. అందుకే చాలామంది ఏమీ అనలేక ఊరుకుంటారు. గొడవపడకుండా కూడా గట్టిగా అడగొచ్చు. “సార్, పదైదేండ్లుగా ఈడే పనిచేస్తాండా. కొత్త మిషన్ మీద నాకూ పది రోజులు నేర్పించండి. అప్పటికీ రాకుంటే అప్పుడు మాట్లాడుకుందాం.” ఈ మాటలో ఆరోపణ లేదు. కానీ కాదంటే, నేర్చుకుంటానన్నా నేర్పించలేదన్న విషయం తేలిపోతుంది.

ఆ మాట అడిగిన రెండు మూడు రోజుల్లోపు దాన్నే కాగితం మీద పెట్టండి. ఇంగ్లీషు అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

“గౌరవనీయులైన మేనేజరు గారికి. నేను మీ సంస్థలో ఫలానా సంవత్సరం నుంచి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్‌పై శిక్షణ నా తర్వాత చేరిన ఇద్దరికి ఇచ్చారు, నాకు ఇవ్వలేదు. ఫలానా తేదీన మిమ్మల్ని నోటిమాటగా అడిగాను. నాకు కూడా శిక్షణ ఇప్పించగలరు. నా పనిలో లోపాలుంటే రాతపూర్వకంగా తెలియజేస్తే సరిదిద్దుకుంటాను. ఇట్లు.”

కింద తేదీ, సంతకం. రెండు కాపీలు తీసి, రెండోదాని మీద అందినట్టు సంతకం చేయించుకోండి. చేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. లేఖలో కోపం, శాపాలు, యూనియన్ బెదిరింపులు వద్దు. మీ లేఖ ఎంత మర్యాదగా ఉంటే, రేపు అధికారి ముందు అది అంత బలంగా నిలబడుతుంది.

4. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి

నన్ను అడిగితే ఈ మొత్తంలో ఇదే ముఖ్యం. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు.

జరిగేది ఇలా ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలకు లోపలికి పిలుస్తారు. కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. “పెద్దాయనా, మీ మీద గౌరవంతో చెబుతున్నాం. తీసేసినామంటే మీకే నామోషీ. మీరే రాసిచ్చినట్టు ఉంటే బాగుంటుంది” అంటారు. కంప్యూటర్‌లో కొట్టి ఉంచిన కాగితం ముందు పెడతారు. వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా మానేస్తున్నానని ఉంటుంది. సంతకం పెడితే ఈ నెల జీతం ఇప్పుడే చేతికిస్తామంటారు.

ఆ సంతకంతో మీరు ఏం పోగొట్టుకుంటారో చూడండి. వాళ్లే తీసేస్తే ఒక నెల ముందు నోటీసు గానీ, దాని బదులు జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది కనీసం ఏడాది, అంటే 12 నెలల్లో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఇచ్చిన హక్కు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. మీరే మానేశానని రాసిస్తే ఈ రెండూ పోతాయి.

ఇంకో నియమం వయసైనవాళ్లకు కొండంత అండ. ఒకే రకం పని చేసేవాళ్లలో మందిని తగ్గించాల్సి వస్తే, చివర చేరినవాళ్లను ముందు తీయాలి. అలా కాకుండా పాతవాళ్లను తీస్తే ఎందుకో కారణం రాసిపెట్టాలి. పైగా ఏడాదిలోపు మళ్లీ ఆ పనికి మనిషిని తీసుకుంటే, తీసేసినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి. పన్నెండేళ్ల సర్వీసున్న మిమ్మల్ని పంపించి మూడో నెలలోనే పాతికేళ్ల అబ్బాయిని అదే సీట్లో కూర్చోబెడితే, ఈ రెండు నియమాల కిందా వాళ్లు జవాబు చెప్పుకోవాలి. అందుకే వాళ్లకు మీ రాజీనామా అంత అవసరం.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు మరో నష్టం. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి రిటైర్మెంట్ వయసు నిండి దిగిపోతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందొచ్చు. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద, ముందస్తు రిటైర్మెంట్ కింద వెళ్లినవాళ్లకూ ఇది ఉంది. మామూలు రాజీనామాకు లేదు. కాగితం మీద ఏ మాట ఉందన్నది ఇంత తేడా చేస్తుంది.

కాబట్టి ఆ సాయంత్రం మీరు చెప్పాల్సింది ఒక్కటే: “ఇంట్లో చూపించి రేపు చెబుతా సార్.” కాగితం అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే గుర్తున్నంత నోటుబుక్కులో రాయండి. తెల్లకాగితం మీదగానీ, తేదీ లేని కాగితం మీదగానీ సంతకం అసలే వద్దు. బలవంతంగా పెట్టించుకుంటే ఆ మరుసటి రోజే “ఒత్తిడి చేసి సంతకం తీసుకున్నారు, నా రాజీనామా ఒప్పుకోవడం లేదు, పనికి వస్తున్నాను” అని లేఖ పంపి, నిజంగానే పనికి వెళ్లండి. గేటు దగ్గర ఆపితే అది కూడా రాయండి. ఆరు నెలల తర్వాత ఇదే మాట చెబితే ఎవరూ నమ్మరు.

5. మీకు రావాల్సింది లెక్కగట్టండి

సంస్థలో పదిమంది, అంతకంటే ఎక్కువ ఉండి, మీరు ఐదేళ్లు పూర్తిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది. తీసేసినా వస్తుంది, మీరే మానినా వస్తుంది. చివరి నెల జీతంలో మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి, దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 జీతంతో 12 ఏళ్లు చేసినవారికి సుమారు 1,24,600 రూపాయలు. చివర ఆరు నెలల కంటే ఎక్కువ మిగిలితే దాన్నీ ఏడాదిగా లెక్కేస్తారు. 30 రోజుల్లోపు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కలపాలి. ప్రైవేటు స్కూలు టీచర్లకు ఇది రాదని ఇంకా చెప్పేవాళ్లున్నారు. అది తప్పు. టీచర్లకూ వర్తించేలా 2009లో చట్టం సవరించారు, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఉద్యోగం ఎలా ముగిసినా మిగిలిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కొత్త వేతన కోడ్ చెబుతోంది.

పీఎఫ్ విషయంలో ఒక్క జాగ్రత్త. టెన్షన్‌లో ఉన్నప్పుడు మొత్తం డబ్బు తీసేయాలనిపిస్తుంది. పెన్షన్ పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటే 58 నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ ప్రతి ఏడాదికీ 4 శాతం తగ్గుతుంది, ఆ తగ్గింపు బతికినంత కాలం ఉంటుంది. పదేళ్లకు కొంచెం తక్కువైతే పెన్షన్ డబ్బు తీయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి. తర్వాత చేరే చోట ఆ సర్వీసు కలుస్తుంది. మన ప్రాంతానికి పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం కడపలో ఉంది.

6. ఎక్కడికి వెళ్లాలి

మొదట జిల్లా కార్మిక శాఖ కార్యాలయం. అర్జీలో పుట్టిన తేదీ, చేరిన తేదీ, చివరి జీతం, తీసేసిన తేదీ, మీ తర్వాత చేరి ఇంకా పనిచేస్తున్నవారి వివరం, రావాల్సిన మొత్తం రాయండి. వయసు గురించి అన్న మాటలు చివర పెట్టండి. అధికారి ఇద్దరినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తాడు. చాలా గొడవలు అక్కడే తెగుతాయి. ఎందుకంటే ఓనర్లకు రికార్డులు తెచ్చి చూపించడం ఇష్టముండదు. 45 రోజుల్లో తేలకపోతే మీరే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. తీసేసిన నాటి నుంచి రెండేళ్లు దాటనివ్వకండి.

షాపులు, హోటళ్లలో పనిచేసేవారికి 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు దాటినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేకుండా తీయకూడదు. చిన్న షాపులకు మినహాయింపులున్నాయి కాబట్టి మీ షాపు దాని కిందకు వస్తుందో లేదో లేబర్ ఆఫీసులోనే అడగండి. టీచర్ల దారి వేరు. వాళ్లు పారిశ్రామిక చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. అయితే 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో సిబ్బందిని విచారణ లేకుండా తొలగించకూడదు. వాళ్లు విద్యాశాఖ వైపు నుంచి వెళ్లాలి. మేనేజర్లు కూడా పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద కార్మికులు కారు, తీసేసే విషయంలో వాళ్లకు నియామక పత్రంలోని షరతులే ఆధారం.

వకీలుకు ఫీజు ఎక్కణ్నుంచి తేవాలని ఆగిపోకండి. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థ మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, ఆదాయం తక్కువున్నవారికి ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను 15100. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన అర్జీ చివరికి లేబర్ ఆఫీసుకే వస్తుంది. లేబర్ ఆఫీసులో కదలిక లేనప్పుడు మాత్రం అది పనికొస్తుంది.

7. మీరే ఓనరు లేదా మేనేజరు అయితే

షాపు తలుపు మీద “25 ఏళ్లలోపు వారు కావాలి” అన్న బోర్డు తీసేయండి. ఏం పని రావాలో రాయండి: రోజుకు ఎనిమిది గంటలు నిలబడగలగాలి, బిల్లింగ్ తెలియాలి, బండి నడపాలి. చేయగలిగినవాళ్లు యాభై ఏళ్లవారైనా రానివ్వండి. కొత్త మిషన్ వస్తే మొదటి శిక్షణ పాతవాళ్లకే ఇవ్వండి, సరుకు తెలిసినవాళ్లు వాళ్లే. పనితీరు సరిగా లేకపోతే అందరికీ ఒకే కొలత పెట్టి, ఏం తగ్గిందో రాసిచ్చి, సరిదిద్దుకోవడానికి గడువివ్వండి. మందిని తగ్గించక తప్పకపోతే సీనియారిటీ పట్టిక గోడ మీద పెట్టండి. చూపు తగ్గిన కుట్టుపని అక్కకు మంచి వెలుతురు, కళ్లద్దాలు ఇప్పించండి. లేదా చెకింగ్ టేబుల్‌కు మార్చండి. ఇరవై ఏళ్లు ఆ మిషన్ మీద కూర్చుని తగ్గిన చూపు అది.

8. మళ్లీ పని వెతికేటప్పుడు

బయోడేటాలో పుట్టిన తేదీ మొదటి వరుసలో రాయాల్సిన పనిలేదు. చివరి పదేళ్ల పని ముందు రాయండి, 1995లో చేసిన పనికి ఒక్క వరుస చాలు. “ఈ వయసులో ఎందుకండీ” అని అడిగితే వయసు గురించి వాదించకండి, “రేపటి నుంచి రెండు రోజులు చేసి చూపిస్తా” అనండి. కూలి లేకుండా మాత్రం చేయకండి. తెలిసిన పాత కస్టమర్లకు, సప్లయర్లకు ఫోన్ చేయండి. మన దగ్గర పని ఎక్కువగా ఆ పరిచయాల మీదే దొరుకుతుంది. అరవై దాటినవారికి కేంద్ర ప్రభుత్వం 2021 అక్టోబర్ 1న సేక్రెడ్ అనే ఉద్యోగాల పోర్టల్ మొదలుపెట్టింది. అందులో పేరు నమోదు చేసుకోండి. నమోదు చేసుకోవడం రాకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు ఫోన్ చేసి సాయం అడగండి, కాల్‌కు డబ్బు పడదు.